పాత కీర్తన పక్కన కొత్త రచన

కొత్త సింఫనీ వినిపిస్తామని ప్రకటించిన కచేరీకి కూడా జనాన్ని రప్పించేది చాలాసార్లు పాత పియానో కన్చెర్టోనే, అంటే పియానో ముందు నడుస్తుంటే ఆర్కెస్ట్రా తోడు వాయించే రచనే. యూరప్, అమెరికా నగరాల్లో కొత్త స్వరకర్త రచనను ఒంటరిగా వేదిక మీద పెట్టడానికి నిర్వాహకులు జంకుతారు. పక్కన మొజార్టో, బీథోవెనో, చైకోవ్‌స్కీయో ఉండాలి. ఇదంతా టికెట్ల కోసమే అని కొట్టిపారెయ్యవచ్చు గానీ, అసలు కిటుకు రిహార్సల్లో ఉంది. ఎనభై తొంభై మంది కలిసి సాధన చేసే గంటలు ఏ ఆర్కెస్ట్రాకైనా లెక్కగానే దొరుకుతాయి. పాత కన్చెర్టో వాళ్ళ చేతుల్లో ఉన్నదే. పియానో విద్వాంసుడు వచ్చాక ఒకసారి సరిచూసుకుంటే దాదాపు సరిపోతుంది. మిగిలిన గంటలు కొత్త సింఫనీకి పోతాయి. అంటే కొత్తదానికి పెట్టుబడి పెట్టేది పాతదే.

ఈ లెక్క మన మేళగాళ్ళకు చెబితే ఇట్టే పట్టేస్తారు, వాళ్ళ వాయింపులోనూ పాతా కొత్తా పక్కపక్కనే నడుస్తాయి. నంద్యాల పక్కన మహానందిలోనైనా, ఆళ్ళగడ్డ దాటాక అహోబిలంలోనైనా ఉత్సవాల్లో వినే సన్నాయి మేళం చిన్నపాటి ఆర్కెస్ట్రాయే. ముందు సన్నాయి ఎత్తుకుంటే రెండో సన్నాయి వెన్నంటి నడుస్తుంది. శ్రుతికి ఒకప్పుడు ఒత్తు పట్టేవారు, ఇప్పుడు చాలాచోట్ల శ్రుతిపెట్టె వచ్చింది. తాళాలు, డోలు సరేసరి. డోలుకు ఒకవైపు వేళ్ళకు గట్టి తొడుగులు వేసుకుని, రెండోవైపు పుల్లతో వాయిస్తారు. సన్నాయికి పైనున్న ఏడు రంధ్రాల మీద వేళ్ళు ఆడతాయి. కింద ఉన్న రంధ్రాల్లో అవసరమైనవాటిని మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకుంటారు. ఎవరి ముందూ కాగితం ఉండదు. సంప్రదాయం తెలిసిన విద్వాంసుడైతే ఊరేగింపు కదిలేటప్పుడు గంభీరనాటలో మల్లారి అందుకుంటాడు. దానికి సాహిత్యం ఉండదు, స్వరాల నడక తప్ప. ఆ తర్వాత రాగం, త్యాగరాజ కీర్తన. బాగా పొద్దుపోయాక జనంలోంచి ఎవరో సినిమా పాట అడుగుతారు. విద్వాంసుడు మొహం చిట్లించినా వాయిస్తాడు, అదీ రాగం చెడకుండా.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా ఈ సన్నాయిని శ్రీరంగం దాకా తీసుకెళ్ళి, తంజావూరు బాణీని సొంతం చేసుకుని, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయ్యారు. కీర్తనకు కట్టుబడి ఉంటూనే ప్రతి రాత్రీ కొత్తగా ఆలపించడం ఆ వాద్యంలో ఉన్న విద్య.

ఇప్పుడు మనం ‘క్లాసిక్’ అంటున్న కన్చెర్టోలు మాత్రం పుట్టినప్పుడు క్లాసిక్కులా? 1808 డిసెంబర్ 22న వియన్నాలో, థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో, బీథోవెన్ సొంతంగా కచేరీ పెట్టుకున్నాడు. వణికించే చలిలో జనం సుమారు నాలుగు గంటలు కూర్చున్నారు. ఐదవ సింఫనీ, ఆరవ సింఫనీ ఆ రాత్రే మొదటిసారి వినిపించాయి. నాలుగవ పియానో కన్చెర్టో బహిరంగంగా మోగిందీ అప్పుడే, పియానో ముందు ఆయనే. అన్నీ కొత్తవి, సాధన చాలలేదు. చివరి రచన కోరల్ ఫాంటసీ నడుస్తుండగా ఆర్కెస్ట్రా దారి తప్పితే ఆపి మళ్ళీ మొదలుపెట్టించాల్సి వచ్చింది.

ఆ నాలుగవ కన్చెర్టో మొదలుపెట్టే తీరు చూడండి. అప్పటి రివాజు ప్రకారం ముందు ఆర్కెస్ట్రా అంతా మోగి, రంగం సిద్ధం చేశాక గానీ పియానో రాకూడదు. ఇక్కడ పియానోయే, ఒంటరిగా, మెత్తగా, ఐదు బార్ల మాట చెప్పి ఊరుకుంటుంది. వయొలిన్లు బదులిస్తాయి, కానీ వేరే షడ్జమం మీద. పియానో జి మేజర్‌లో అడిగితే జవాబు బి మేజర్‌లో వస్తుంది. మనకూ వాళ్ళకూ ఉన్న పెద్ద తేడా ఈ చిన్న చోటే దొరుకుతుంది. మన కచేరీలో షడ్జమం కదలదు. శ్రుతిపెట్టె దాన్ని మేకు కొట్టినట్టు పట్టి ఉంచుతుంది, రాగమంతా దాని చుట్టూ తిరుగుతుంది. వాళ్ళ సింఫనీలో షడ్జమమే ప్రయాణం చేసి, చివరకు ఇల్లు చేరుతుంది. ఐదవ సింఫనీలో మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం – అంతే సరుకు. త్యాగరాజస్వామి ఒకే పాదాన్ని సంగతి మీద సంగతి వేసి పెంచినట్టే బీథోవెన్ ఆ ముక్కను పెంచుతాడు, కాకపోతే ఊళ్ళు మారుస్తూ.

కన్చెర్టోలో కడెన్జా అనే ఘట్టం దగ్గర మాత్రం రెండు సంప్రదాయాలూ దగ్గరపడతాయి. ఆర్కెస్ట్రా మొత్తం ఆగి పియానోను ఒంటరిగా వదిలేస్తుంది. మొజార్ట్ కాలంలో అక్కడ అప్పటికప్పుడు కల్పించి వాయించేవారు. ఆఖరున ఒక స్వరాన్ని గలగలమని పొడుగ్గా కంపింపజేస్తే, అది ‘ఇక రండి’ అని మిగతావాళ్ళకు సైగ. తని ఆవర్తనంలో డోలు విద్వాంసుడు మోహరా వేసి ముక్తాయింపుకు దిగితే సన్నాయిలు సర్దుకోవడం చూసినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

పేచీ గమకం దగ్గర వస్తుంది. పియానోలో మీట నొక్కితే సుత్తి తీగను కొడుతుంది. ఆ తర్వాత స్వరాన్ని ఊపడానికి వాద్యకారుడి చేతిలో ఏమీ ఉండదు. తోడి గాంధారం పియానో మీద పలకదు. వయొలిన్‌కు ఆ బాధ లేదు గానీ, పదహారు వయొలిన్లు తలోరకంగా గమకం వేస్తే రాగం మసకబారుతుంది. అందుకే పాశ్చాత్య బాణీలు మన సంగీతంలోకి వచ్చినప్పుడు శంకరాభరణం స్వరాల దారినే వచ్చాయి. ఆ బాణీల మీద ముత్తుస్వామి దీక్షితులు కట్టిన నోట్టుస్వరాలే సాక్ష్యం. గమకాల బరువు లేకుండా పిల్లలు కూడా పాడేస్తారు.

ఈ చిక్కుముడిని ఉద్యోగంగా స్వీకరించింది ఆకాశవాణి. 1952లో ఢిల్లీలో మన వాద్యాల ఆర్కెస్ట్రా ‘వాద్యవృంద’ ఏర్పడింది. హిందుస్తానీ వైపు పండిట్ రవిశంకర్, కర్ణాటక వైపు టి.కె. జయరామ అయ్యర్. ఆ తర్వాత దాని స్వరకర్త, నిర్వాహకుడి కుర్చీలో కూర్చున్న తెలుగువాడు ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి. తీగను లాగి వీణను గొంతులా పలికించిన మనిషి. వైణికుడు చిట్టిబాబుకు గురువు. మద్రాసులో జెమినీ స్టూడియోలో పెద్ద ఆర్కెస్ట్రాతో పనిచేసిన అనుభవమూ ఉంది. ఎవరెస్టు ఎక్కడాన్ని స్వరాల్లో చూపించిన ఆయన ‘ఆదర్శ శిఖరారోహణం’ కీర్తన కాదు, వర్ణం కాదు. వాద్యాల కోసమే పుట్టిన రచన.

వాద్యవృంద రచనల్లో కనిపించే ఉపాయం సూటిగానే ఉంటుంది. గుంపుగా మోగే వాద్యాలకు నిలకడ స్వరాలు ఇస్తారు. గమకం పలకాల్సిన చోట గుంపును తగ్గించి వీణకో వేణువుకో వదిలేస్తారు. మోహన, హంసధ్వని లాంటి రాగాలు ఇందుకు సుఖంగా ఒదుగుతాయి. తోడి, భైరవి ఏడిపిస్తాయి. రాగం పలచబడుతుందని నొసలు విరిచే పండితులు ఉన్నారు, వాళ్ళది పూర్తిగా తప్పనీ అనలేను. అయితే ఈ రచనలకు వచ్చిన అసలు కష్టం వేరు. కీర్తన ఒక్క గొంతులో బతుకుతుంది. ఇరవై ముప్పై మంది రచన బతకాలంటే అంతమంది నెల జీతం మీద రోజూ కలిసి కూర్చోవాలి. ఆకాశవాణి అలా కూర్చోబెట్టింది కాబట్టి ఆ సంగీతం పుట్టింది.

2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మనిక్ ఆర్కెస్ట్రా ఇళయరాజా సింఫనీ ‘వేలియంట్’ వాయించినప్పుడు మనవైపు కూడా ఫోన్లలో ఆ ముక్కలు తిరిగాయి. ‘సాగర సంగమం’ పాటలు నోటికి వచ్చినవాళ్ళు ఆయన సింఫనీ వినడానికి సిద్ధంగానే ఉన్నారు. పాత పరిచయం చేసే మేలు అది.

కాబట్టి నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో ఇటువంటి సాయంత్రం పెట్టాలనుకునేవారు పియానో కోసం వెతకనక్కర్లేదు. రెండు సన్నాయిలు, రెండు మూడు వయొలిన్లు, వీణ, వేణువు, డోలు, మృదంగం చాలు. అందరికీ తెలిసిన కీర్తన ఒకటి, దాని పక్కనే ఆ బృందం కోసం కొత్తగా రాయించిన ఇరవై నిమిషాల రచన. కొత్తదాన్ని ముందు పెట్టాలి, లేకపోతే కీర్తన అయిపోగానే సగంమంది చెప్పులు వెతుక్కుంటారు. ఖర్చు వాద్యాల దగ్గర రాదు. రెండు వారాలు వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, భోజనం పెట్టి, రోజు కూలి ఇచ్చి సాధన చేయించడం దగ్గర వస్తుంది. శాలువాలూ ఫ్లెక్సీలూ మానుకుంటే అందులో కొంత అక్కడే దొరుకుతుంది.