శుభం కార్డు పడేలోపు పేరు మారిపోతుంది

పిల్లలతో కలిసి ఇంట్లో సినిమా చూడాలంటే మా చర్చి తల్లిదండ్రుల దగ్గర ఒక చెక్‌లిస్ట్ ఉంటుంది. ముద్దు సీను ఉందా, తాగుడు ఎంతసేపు చూపించాడు, దెయ్యాలూ క్షుద్రపూజలూ ఉన్నాయా. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ మాట్లాడుకునే మాటల్లో సగం ఇవే. మా ఇంట్లోనూ ఆ లిస్టు ఉంది, దాన్ని వెటకారం చెయ్యను. కాకపోతే మల్కాపురంలో మా హాల్లో, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, మా అమ్మ, మా ఆవిడ, నేను కలిసి చూసిన తెలుగు సినిమాల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన సంగతి ఆ లిస్టులో లేదు. క్రైస్తవ పేరుతో సినిమాలోకి వచ్చిన మనిషి, అదే పేరుతో సినిమాలోంచి బయటికి రావడం మన దగ్గర చాలా అరుదు.

'మిస్సమ్మ' (1955)తో మొదలుపెడదాం. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, విజయా వాళ్ల సినిమా, మూలం రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ నాటకం. ఉద్యోగం కోసం ఇద్దరు గ్రాడ్యుయేట్లు మొగుడూ పెళ్లాల్లా నటించాలి. అతను ఎమ్.టి. రావు, ఆమె మేరీ. సావిత్రి మేరీని చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఈ నటన ఎందుకు ఒప్పుకుందో ఆమెకి స్పష్టంగా తెలుసు: ఇంటి అప్పు తీరాలి, అప్పిచ్చిన డేవిడ్ పీడ వదలాలి. పైకి ఒప్పుకుంది గానీ లోపల మనిషి ఒప్పుకోలేదు. జమీందారు ఇంట్లో వాళ్లు ప్రేమగా చేసే ప్రతి మర్యాదా ఆమెకి ఇరుకుగానే ఉంటుంది. ఆ ఇరుకుని సావిత్రి కోపంగా చూపిస్తుంది, విసుగ్గా చూపిస్తుంది, ఎక్కడా జాలిగా మాత్రం చూపించదు. ఆమె ప్రార్థన పాటని కూడా సినిమా నవ్వులాటగా తియ్యలేదు. అరవై డెబ్బై ఏళ్ల కిందటి కామెడీలో ఒక క్రైస్తవ అమ్మాయికి ఇంత గౌరవం దొరకడం చిన్న సంగతి కాదు.

ఆ తర్వాత పుట్టుమచ్చ బయటపడుతుంది. మేరీ అసలు మేరీ కాదు, జమీందారు చిన్నప్పుడు పోగొట్టుకున్న మహాలక్ష్మి. చిక్కులన్నీ ఒక్క దెబ్బకి విడిపోతాయి.

మా అమ్మాయి వెంటనే అడిగింది: "అయితే తను నిజం క్రిస్టియన్ కాదా డాడీ?" నేను జవాబు వెతుక్కునేలోపు మా అమ్మ అందుకుంది: "మరి ఇన్నేళ్లు పెంచినోళ్లు ఏటైపోవాలే?" ఈ రెండు ప్రశ్నల కంటే పదునైన విమర్శ ఆ సినిమా మీద నేను రాయలేను. 'మిస్సమ్మ'ని వెనకేసుకురావచ్చు. తప్పిపోయిన బిడ్డ దొరకడం అప్పటి కథల్లో మామూలే. పైగా రావుకీ మేరీకీ మధ్య ప్రేమ, ఈ నిజం తెలియకముందే పుట్టింది. ఈ రెండో మాట నేనూ ఒప్పుకుంటాను, సినిమాలో అందమంతా అక్కడే ఉంది. కానీ ఆ ప్రేమని పెళ్లి దాకా నడిపించే ధైర్యం కథకి చాల్లేదు, పుట్టుమచ్చ సాయం కావాల్సొచ్చింది. పైగా ఈ పుట్టుమచ్చలు ఒకే దిక్కుకి దారి చూపిస్తాయి. మహాలక్ష్మి అనుకున్న పిల్ల చివరికి పాల్ గారి కూతురని తేలిన సినిమా నేనింతవరకూ చూడలేదు.

'సీతాకోక చిలుక' (1981) ఇంతకంటే ధైర్యంగా ముగుస్తుంది. అబ్బాయి జంధ్యం తీసేస్తాడు, అమ్మాయి శిలువ తీసేస్తుంది, ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని వెళ్లిపోతారు. భారతీరాజా లెక్క సరిగ్గా కుదిరినట్టే కనిపిస్తుంది: చెరొకటి వదులుకున్నారు. కొంచెం ఆగి చూస్తే మాత్రం తూకం తేడాగా ఉంది. జంధ్యం పుట్టుకతో వచ్చిన కులానికి గుర్తు, తెంపి పారేసినా లోకం ఆ కులాన్ని లెక్కలోంచి తియ్యదు. శిలువ నమ్మకానికి గుర్తు, తీసేస్తే నమ్మకం వదిలేసినట్టే లెక్క. అతను వదిలింది దారం, ఆమె వదిలింది దేవుణ్ణి. ఇది మా అమ్మాయికి చెప్పాను. "ఇద్దరూ ఏమీ తియ్యకుండా ఎల్లిపోవచ్చు కదా" అంది. నిజమే, వెళ్లిపోవచ్చు.

యేసుతో తెలుగు సినిమాకి పేచీ లేదు. 'కరుణామయుడు' (1978) మా ఇంట్లో ఏటా గుడ్ ఫ్రైడేకి నడుస్తుంది. భీమ్‌సింగ్ సినిమాని పౌరాణికాలకి అలవాటైన కళ్లకి తగ్గట్టు తీశాడు, జనం అలాగే చూశారు. రెండేళ్లకి బాపూ రమణలు 'రాజాధిరాజు' తీశారు. కరుణామయుడైన విజయచందరే 1986లో షిర్డీ సాయిబాబా అయ్యాడు. యూట్యూబులో సాయిబాబా కనపడితే మావాడు "యేసయ్యకి ముసలితనం వచ్చేసింది" అన్నాడు. తెలుగు ప్రేక్షకుడికి ఇందులో వింత కనిపించలేదు, అది మంచిదే. యేసుకి దేవుడి గదిలో చోటిచ్చారు. ఆయన్ని నమ్ముకున్న తెలుగువాడికి హాల్లో కుర్చీ వెయ్యడమే కష్టమైంది.

కొత్త తరం సినిమాలు ఈ కష్టాన్ని తెలివిగా దాటేశాయి, క్రైస్తవుల్ని కేరళ నుంచి తెచ్చుకున్నాయి. 'ఏ మాయ చేసావే' (2010) జెస్సీ మలయాళీ. 'అంటే సుందరానికి' (2022)లో లీలా థామస్ పేరు వింటేనే మన వీధి పిల్ల కాదని తెలిసిపోతుంది. వివేక్ ఆత్రేయ సినిమా నాకిష్టం. రెండిళ్ల భయాల్నీ ఒకేలా నవ్వించాడు, రెండిళ్లనీ ఒకేలా గౌరవించాడు. అయినా ఒక అనుమానం వదలదు. సుందరం ప్రేమించింది లీలా థామస్‌ని కాకుండా మల్కాపురం దేవదానం గారమ్మాయినైతే, గొడవ మతం దగ్గరే ఆగేదా? కులం అడిగేవాళ్లు. అడిగాక ఆ సినిమా అంత నవ్వుతూ నడవగలిగేదా? ఇంటిపేరు కేరళదైతే ఆ ప్రశ్న తప్పించుకోవచ్చు.

అసలు తెలుగు క్రైస్తవుల పేర్లు సినిమాకి పెద్దగా తెలియవు. దానికి తెలిసినవి రాబర్టు, మైకేలు, రీటా. మా చర్చిలో పేర్లు చూడండి: దేవదానం, కృపమ్మ, సువార్త, రత్నకుమారి, ఆశీర్వాదం. అన్నీ మన భాషలో పేర్లే. 'ఉప్పెన' (2021) హీరో ఆశికి ఆశీర్వాదం అని పూర్తి పేరు పెట్టినందుకు బుచ్చిబాబుకి ఒక నమస్కారం. కానీ ఆ సినిమా మా చెక్‌లిస్ట్ దాటలేదు, పిల్లలతో చూడలేదు.

మా ఊరి సినిమా 'కేరాఫ్ కంచరపాలెం' (2018) దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం మారింది. వెంకటేష్ మహా ఎక్కువమంది స్థానికుల్నే పెట్టి తీసిన సినిమా. ఆ మాట, ఆ యాస, ఆ అరుగులు చూసి మా అమ్మ టీవీతో తిరిగి మాట్లాడింది. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు: నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమకథలు. నలుగురూ ఒక్కడేనని చివర్లో తెలుస్తుంది. (ఇంకా చూడనివాళ్లు క్షమించాలి. చాలా ఏళ్లయింది కదా.)

ఇక్కడా జోసెఫ్ అనే పేరు మధ్యలో ఒక స్టేషనే. బండి కాసేపాగి వెళ్లిపోతుంది. జోసెఫ్‌కి భార్గవి మీద ప్రేమ ఉంది, గొడవలున్నాయి, అతని ఆదివారాలు మాత్రం మనకి పెద్దగా తెలియవు. అయినా ఈ సినిమాని 'మిస్సమ్మ' పక్కన పెట్టను. ఇందులో పుట్టుమచ్చ లేదు. ఏ పేరు అసలుది, ఏది నకిలీ అని సినిమా తీర్పు చెప్పదు. నలభై తొమ్మిదేళ్ల అటెండరు రాజు అన్ని పేర్లనీ మోసుకునే రాధ ముందు నిలబడతాడు. జోసెఫ్‌గా ఉన్నన్నాళ్లూ అతను నిజంగా జోసెఫే.

ఇది మా అమ్మకి వింతగా అనిపించలేదు. మా వైపు చాలా ఇళ్లల్లో రికార్డుల పేరొకటి, చర్చి పేరొకటి. కారణం కథల్లో లేదు, చట్టంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కింద ఒక్క శాతం కోటాలోకి వస్తారు. కాబట్టి ప్రార్థనలో పిలిచే పేరు సర్టిఫికెట్‌లో ఉండదు. కాలేజీలో ఒక పిలుపు, కూటంలో ఒక పిలుపు. ఇంతటి కథ మన పక్కింట్లో ఉండగా సినిమా దాన్ని తిరగేసి చూపిస్తోంది. తెరమీద మేరీ అనేది పైన వేసుకున్న పేరు, మహాలక్ష్మి లోపలి నిజం. మా వీధిలో మహాలక్ష్మి కాగితం మీది పేరు. లోపల ఉన్నది మేరీ.

పిల్లలకి ఏ సినిమా చూపించాలన్నది ఇప్పుడు నాకు అంత పెద్ద ప్రశ్నగా లేదు. ముద్దు సీను వస్తే రిమోట్ ఉంది. మీ పేరు తాత్కాలికం అని సినిమా మెల్లగా, నవ్విస్తూ చెప్తుంటే దానికి రిమోట్ లేదు. పక్కన కూర్చుని మాట్లాడాల్సిందే. 'మిస్సమ్మ' లాంటి మంచి సినిమా చెప్తున్నప్పుడు ఇంకా ఎక్కువ మాట్లాడాలి, మంచి సినిమా మాటే పిల్లలు నమ్ముతారు కాబట్టి.

నేను అడిగేది చాలా మామూలు సినిమా. రిఫైనరీలో నైట్ షిఫ్ట్ దిగిన ఒకాయన ఆదివారం పొద్దున్న నిద్ర ఆపుకుంటూ చర్చికి వెళ్తాడు. వాళ్లావిడ పక్కింటి వినాయక చవితి ప్రసాదం తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తుంది. వాళ్లమ్మాయి పేరు సువార్త, ఇంటర్ చదువుతోంది, ఫిజిక్స్ అంటే భయం. ఎవరూ మతం మారరు, ఎవరూ తిరిగి వెళ్లరు. ఆఖరి సీన్లో కూడా ఆ పిల్లని సువార్త అనే పిలుస్తారు. అలాంటి సినిమా వస్తే థియేటర్‌కే తీసుకెళ్తాను, చెక్‌లిస్ట్ ఇంట్లో వదిలేసి.