డామియన్ పక్షమున వ్రాయబడిన ఒక లేఖ

కుష్ఠరోగుల మధ్య జీవించి వారి మధ్యనే మరణించిన ఫాదర్ డామియన్ కథ మన ఆదివార పాఠశాలలలోను ఉజ్జీవ కూటములలోను తరచుగా చెప్పబడుచున్నది. చెప్పువారు ఆయనను మచ్చలేనివానిగా చూపుదురు. వినువారు కన్నీరు కార్చి, అట్టి ప్రేమ మనవంటివారికి కాదని తలంచి ఇంటికి పోవుదురు. ఈ రీతి కథనమునకు నేనెరిగినంతలో మంచి విరుగుడు 1890వ సంవత్సరమున రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అను స్కాట్లండు దేశపు గ్రంథకర్త వ్రాసిన బహిరంగ లేఖ. అందలి మంచిని, కొరతను కొంత పరిశీలింతము.

సంగతి ఇది. డామియన్ 1840లో బెల్జియము దేశపు పల్లెలో పుట్టెను. హవాయి దీవులకు వచ్చి, రోమను కతోలిక గురువై, 1873లో మొలొకాయి దీవియందలి కుష్ఠరోగుల నివాసమునకు వెళ్లెను. ఆ యేటనే నార్వే దేశస్థుడగు హాన్సెన్ వైద్యుడు ఆ రోగమునకు కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొనెను గాని, మందు దొరకుటకు ఇంకను చాల కాలము పట్టెను. ప్రభుత్వము రోగులను పట్టి ఓడ నెక్కించి అక్కడికి పంపుచుండెను. డామియన్ వారి పుండ్లు కడిగి కట్టు కట్టెను, ఇండ్లు లేపెను, శవపేటికలు చేసెను, సమాధులు త్రవ్వెను. చివరకు ఆ రోగము తనకే సోకగా 1889 ఏప్రిల్ 15న, 49 ఏండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించెను.

ఆయన చనిపోయిన కొలది నెలలకు, హొనొలులులోనున్న హైడు అను ప్రొటెస్టంటు మిషనెరీ, గేజ్ అను తోటి పాదిరిగారికి ఒక ఉత్తరము వ్రాసెను. డామియన్ మొరటువాడనియు, శుభ్రత లేనివాడనియు, మొండివాడనియు, ఎవరును పంపకయే పోయినవాడనియు, స్త్రీల విషయమున పవిత్రుడు కాడనియు, దుర్నడతవలనను అజాగ్రత్తవలనను రోగము తెచ్చుకొనెననియు దాని సారాంశము. గేజ్ దానిని పత్రికకిచ్చెను. అది చదివిన స్టీవెన్సన్ మండిపడి సిడ్నీ నగరమునుండి జవాబు వ్రాసెను. స్టీవెన్సన్ ప్రెస్బిటీరియను ఇంట పుట్టినవాడు. అట్టివాడు తన పక్షమువాడైన హైడును ఖండించి, పరపక్షమువాడైన డామియన్‌ను సమర్థించెను. ఇది చిన్న సంగతి కాదు. మన గ్రామములలో బాప్టిస్టు సంఘస్థుడు లూథరను సంఘస్థుని మంచిని, వారుభయులును కలిసి ఆర్.సి.ఎం. వారి మంచిని ఎంత కష్టముమీద ఒప్పుకొందురో మన మెరుగుదుము.

ఈ లేఖను పొగడువారు దాని కోపమునే పొగడుదురు. నాకు నచ్చినది అందలి నిజాయితీ. డామియన్ మరణించిన కొలది వారములకే స్టీవెన్సన్ మొలొకాయికి పోయి, వారము దినములుండి, ఆయనను ఎరిగినవారిని, అందులోను ఆయనయందు అంత ఇష్టము లేనివారిని విచారించి యుండెను. కావున హైడు మోపిన నేరములను ఒక్కొక్కటిగా ఎత్తుకొని, అశుభ్రతను ఒప్పుకొనును, మొండితనమును ఒప్పుకొనును. స్త్రీల విషయమైన నిందను మాత్రము ఒప్పుకొనడు. నివాసములో అట్టి మాటయే తనకు వినబడలేదనియు, అది ఎక్కడో సారాయి అంగడిలో పుట్టిన వదంతి యనియు చెప్పును.

అందులో ఒక సంగతి కలదు. ఇంగ్లండునుండి చాప్మన్ అను నొకాయన రోగులకొరకు ధనము పంపెను. డామియన్ దానిని మొదట కతోలికులకే కేటాయించెను. అదియైనను తెలివిగా పంచలేదు. ఒకరు ఆయనతో చాలసేపు మాటలాడి తప్పు చూపగా, ఆయన పూర్తిగా ఒప్పుకొని, పట్టికను దిద్ది, వారికి కృతజ్ఞత చెప్పెను. లేఖ అంతటిలో నా కిదియే మేలైన భాగము. పుండ్లు కడుగుటకు వెనుదీయని చేయి, డబ్బు పంచునప్పుడు స్వపక్షమువైపు ఒరిగెను! ప్రాణమిచ్చుటకు సిద్ధపడినవాని బుద్ధి అన్ని విషయములలోను ఒక్కసారిగా మారదు. తుపాను పిదప వచ్చిన బియ్యమును, దుప్పట్లను పంచిన సంఘపు పెద్దలకు దీనిని వివరింప నక్కరలేదు. తప్పు దిద్దినవాడును ఊరిలో చాటక ఆయనతోనే మాటలాడెను. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన మార్గమదియే. హైడు ఆ మార్గమును త్రొక్కలేదు.

మన ప్రాంతమున డిచ్‌పల్లి, సాలూరు ఆసుపత్రుల నెరిగినవారికి ఈ కథ దూరపుది కాదు. నేడు ఈ రోగమునకు మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇయ్యబడుచున్నవి. సకాలమున వాడినవారు స్వస్థులగుచున్నారు. ఐనను స్వస్థుడైనవాడు ప్రభు భోజనమునకు వచ్చినప్పుడు పాత్రవైపు చూచి వెనుకాడువారు లేకపోలేదు. డామియన్ వారితో ఒకే గిన్నెలో చేయి పెట్టి తినెను. హైడు దానిని అజాగ్రత్త యనెను. వైద్యము ననుసరించి చూచిన అతని మాట కొంత నిజమే కావచ్చును. అయితే చేయి పెట్టని బోధకుని మాట ఆ రోగులలో ఎవరు విందురు?

ఇంత చెప్పియు, లేఖను పూర్తిగా మెచ్చుకొనలేకున్నాను. హైడుగారి ఇంటి సొగసును గూర్చి బండివాడు చెప్పిన మాటను తెచ్చి ఆయన ముఖముననే కొట్టుట వాదమునకు కొంత సంబంధించినదే గాని, అక్కడ కలమునకు దెబ్బ కొట్టుటలోని రుచి దొరకినది. చదువరికిని ఆ రుచి అంటును. ఒక పుండైనను కడుగకయే, హైడును అసహ్యించుకొని, తాను డామియన్ పక్షమున నిలిచితి ననుకొనును. ప్రేమను గూర్చిన లేఖవలన కలుగదగిన ఫలము ఇది కాదు. స్టీవెన్సన్ తానే దీనిని గ్రహించెను. ఆ సంవత్సరముననే ఒక స్నేహితురాలికి వ్రాయుచు, ఆ లేఖ మిక్కిలి కఠినమైనదనియు, ఇప్పుడైతే డామియన్‌ను అంత బాగుగనే సమర్థించి, బ్రదికియున్నవారిని ఇంతకంటె తక్కువగా నొప్పింతుననియు ఒప్పుకొనెను. ఆ మాట కొందరే ఎరుగుదురు. లేఖ మాత్రము లోకమంతట వ్యాపించెను.

హైడు 1899 వరకు బ్రదికెను. ఆయన హొనొలులులో హవాయి యువకులను సంఘ కాపరులుగా తర్ఫీదు చేసిన సంవత్సరములకు ఆ లేఖలో చోటు లేదు. ఈనాడు ఆయన పేరెరిగినవారిలో చాలమంది, స్టీవెన్సన్ ఆయనను తిట్టెను గనుకనే ఎరుగుదురు.