కాలక్షేపానికి మూడు పుస్తకాలు

"ఈ మధ్య ఏం చదివారు?" అని ఎవరైనా అడిగితే మాబోటి రచయిత్రులకి చచ్చే ఇబ్బంది. వెంటనే ఏదో ఒక బరువైన పేరు చెప్పకపోతే మర్యాద దక్కదు. సగం చదివి పక్కన పడేసిన పుస్తకాన్ని పూర్తిగా చదివినట్టు ముఖం పెట్టి నేనూ చాలాసార్లు గట్టెక్కాను. ఈసారి మాత్రం ఉన్నమాటే చెప్తాను. ఆ మధ్య పదిహేను రోజుల్లో మూడు పుస్తకాలు చదివాను. మూడూ కాలక్షేపానికే. అదీ నాకోసం కాదు, మా అమ్మకోసం.

అమ్మకి కంట్లో శుక్లం తీశారు. తను ఉండేది హిమాయత్ సాగర్ దగ్గర, తమ్ముడింట్లో. తమ్ముడికి శంషాబాదు విమానాశ్రయంలో ఉద్యోగం, మరదలు టీచరు. పగలు అమ్మ దగ్గర ఒక మనిషి ఉండాలి కదా అని నేను పెట్టె సర్దుకుని వెళ్ళాను. పదిహేను రోజులపాటు టీవీ, సెల్‌ఫోను, పుస్తకం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. మొదటి రెండింటికీ అమ్మ బుద్ధిగా తలూపింది. పుస్తకం అనేసరికి చిన్నపిల్లలా ముఖం ముడుచుకుంది.

"అయితే నువ్వు చదివి పెట్టు. నవలలు రాస్తావుగా, చదవడం కూడా వచ్చేవుంటుంది" అంది.

నేను సంచీలో వేసుకెళ్ళినవి రెండు పుస్తకాలు. ఒకటి భానుమతీ రామకృష్ణ గారి 'అత్తగారి కథలు'. రెండోది అబ్బూరి ఛాయాదేవి గారి కథలు. నిజం చెప్పొద్దూ, మొదటిది అమ్మ నవ్వుకోవడానికి, రెండోది నా పరువు నిలబెట్టుకోవడానికి!

మధ్యాహ్నం భోజనాలయ్యాక 'అత్తగారి కథలు' మొదలుపెట్టాం. రెండు పేజీలు తిరక్కుండానే అమ్మ నవ్వు. "నవ్వకే అమ్మా, కన్ను అదురుతుంది" అంటే మరీ నవ్వు. ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివిన పుస్తకం, ఇప్పుడు పైకి చదువుతూంటే ఒక సంగతి తోచింది. భానుమతి గారు బయట ఎంతటి మనిషి! నటి, గాయని, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్టు చేసినావిడ, భరణీ స్టూడియో నడిపినావిడ. అంతటి మనిషీ ఈ కథల్లోకి వచ్చేసరికి అత్తగారి వెనకాల ఒదిగి నిలబడుతుంది. కథంతా అత్తగారిదే. ఆవిడ మడి, ఆవిడ పట్టుదల, ఆవిడ అమాయకత్వం. కోడలు అత్తగారి గురించి రాస్తే అయితే ఏడుపు, లేకపోతే కసి అనుకుంటాం. ఈ పుస్తకంలో ఆ రెండూ లేవు. అత్తగారిని చూసి నవ్వుతాంగానీ ఆవిణ్ణి చిన్నచూపు చూడం. ఆ తేడా నిలబెట్టడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుసు.

ఒక్క మాట మాత్రం ఉంది. వరసగా నాలుగు కథలు చదివితే అయిదోదానికి అత్తగారు ఏం చేస్తారో ముందే తెలిసిపోతుంది. ఆవకాయలాగే ఇదీ రోజుకో ముక్క చొప్పున వడ్డించుకోవాలి.

మూడోరోజున అమ్మ, "నా ట్రంకు పెట్టె అడుగున ఓ నవలుంది, పట్రా" అంది. పట్టుచీరల కింద, పాత కాగితాల మధ్య దొరికింది. అట్ట లేదు. దారంతో కుట్టి ఉంది. లోపలి పేజీ మీద కాచిగూడలో ఎప్పుడో మూతపడిన అద్దె లైబ్రరీ ముద్ర. అంటే తిరిగి ఇవ్వలేదన్నమాట! పక్కింటి గిన్నె పొద్దుపోయేలోగా తిరిగి పంపించే మా అమ్మలో ఇంత దొంగ ఉందని నాకు నలభై ఏళ్ళు దాటినా తెలీదు.

ఆ నవల యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్య సభలో, ఇలాంటి నవలలు మేడలూ కార్లూ చూపించి ఆడవాళ్ళని జోకొట్టాయని నేనే మైకు ముందు నిలబడి అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు. 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో సినిమా అయి, ముద్రణ మీద ముద్రణ వేసుకున్న నవల గురించి అంత ధీమాగా తీర్పు చెప్పిన నేను, దాన్ని చదివింది పద్ధెనిమిదో ఏట, ఒకే ఒక్కసారి.

సరే, మొదలుపెట్టాను. రాజశేఖరం వచ్చే చోట గొంతు కాస్త నాటకంగా పెట్టి, అమ్మ మురిసిపోతుందేమోనని ఓరకంట చూశాను.

"అతని సంగతి గబగబా చదివెయ్యవే. జయంతి ఉద్యోగానికెళ్ళే చోట్లు మాత్రం మెల్లిగా చదువు" అంది.

నేను ఆగిపోయాను. ఆ నవలని అలా కూడా చదవొచ్చని నాకెప్పుడూ తోచలేదు. అమ్మ చెప్పినట్టే చదివాను. ఇంటి పరిస్థితి కోసం గడప దాటిన పిల్ల, వనితా విహార్‌లో ఉద్యోగం, కొత్తచోట బెరుకు, తన మాట తను నిలబెట్టుకోవడం. రాజశేఖరాన్ని కాస్త పక్కకి జరిపితే వెనకాల ఉన్నది ఇదీ. నేను సభలో చెప్పిన మేడలూ కార్లూ ఉన్నాయి, కాదనను. కానీ అమ్మ వాటికోసం ఆ పుస్తకం దాచుకోలేదు.

ఆ సాయంత్రం నల్లకళ్ళద్దాలు పెట్టి అమ్మని కట్టవైపు నడిపించుకెళ్ళాను. వానలు బాగా పడ్డాయేమో, చెరువు నిండుగా ఉంది. 1908లో మూసీ పొంగి హైదరాబాదుని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీమీద గండిపేట, దాని ఉపనది ఈసీ మీద ఇదీ కట్టారు. ఇది పూర్తయింది 1927లో. ఏడో నిజాం తన పెద్దకొడుకు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టాడు. ఇవన్నీ తెలిసినదాన్ని కదా అని అమ్మకి పాఠం చెప్పడం మొదలెట్టాను. తలమీదుగా ఓ విమానం శంషాబాదువైపు దిగుతోంది. ఆ మోత తగ్గేదాకా ఆగి అమ్మ నెమ్మదిగా అంది:

"నేను టైపు లోయరు ప్యాసయ్యాను, తెలుసా?"

తెలీదు. నాకెవరూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగనూ లేదు.

"ఓ కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం రాశారు కూడాను. మీ తాతయ్య కోప్పడలేదు పాపం. 'పెళ్ళి కుదిరిందిగా తల్లీ, ఇంకెందుకూ' అని మడిచి నా చేతికే ఇచ్చారు. ఆ ఉత్తరం ఈ నవల్లోనే పెట్టుకున్నాను. తరవాత్తరవాత ఎక్కడ పోయిందో! పుస్తకం మాత్రం మిగిలింది. ఎన్నిసార్లు చదివానో. జయంతి వెళ్ళిందిగా, నేనూ వెళ్ళొచ్చినట్టే ఉండేది."

ఏం జవాబు చెప్పను? నేను డిగ్రీ చదువుతానన్నప్పుడు ఇంట్లో అందరూ తటపటాయిస్తూంటే ఫీజు డబ్బు ముందుగా కట్టించింది ఈ మనిషే. ఆ పట్టుదల ఎక్కడిదో నాకు అప్పుడు అర్థంకాలేదు.

'సెక్రటరీ'లో లోపాలు లేవని ఇప్పుడు మాట మార్చబోవడం లేదు. ఒక్క మాట విప్పి చెప్పుకుంటే తీరిపోయే అపార్థాలు పేజీలకి పేజీలు నడుస్తాయి. కథ ప్రేమ ఫలించడంతో ముగుస్తుంది. ఆ తరవాత జయంతి ఉద్యోగం సంగతేమిటని నవల అడగదు. ఈ మాటలు ఇవాళైనా అంటాను. కానీ "జోకొట్టాయి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదివేవాళ్ళు ఏం తీసుకుంటున్నారో వాళ్ళని అడక్కుండా నేనే తేల్చి చెప్పడం పొరపాటు. సులోచనారాణి గారు 2018లో వెళ్ళిపోయారు. ఆవిడకి చెప్పుకునే అవకాశం లేదు కనుక మీకు చెప్పుకుంటున్నాను.

చివరి నాలుగు రోజులూ ఛాయాదేవి గారి కథలు. 'తన మార్గం' సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని ఉపోద్ఘాతం చెప్పి మరీ, 'బోన్సాయ్ బ్రతుకు' చదివాను. పట్నంలో ఉద్యోగం చేసే చెల్లెలు, పల్లె నుంచి చూడ్డానికొచ్చిన అక్క, కుండీల్లో ముచ్చటగా కురచగా పెంచిన తురాయీ దానిమ్మా. గాలివాన వచ్చినప్పుడు వీధిలో ఉన్న మామూలు తురాయి చెట్టు పదిమందికి నీడనిస్తుంది. ఆడపిల్లని ఎలా పెంచుతున్నామో ఆ అక్క అక్కడే చెప్తుంది. గొంతు పెంచకుండా, ఎవర్నీ తిట్టకుండా ఇంత మాట చెప్పిన కథలు మనకి ఎక్కువ లేవు. చదువుతూంటే నా గొంతే పట్టేసింది.

అమ్మ కాసేపు ఊరుకుంది. "బాగా రాసిందమ్మా. అంతా నిజం" అంది. మళ్ళీ తనే, "కానీ ఈ నిజం నాకు తెలిసిందేగా. మళ్ళీ మళ్ళీ చదవమని మాత్రం అడగన్లే" అంది.

నా పరువు పుస్తకానికి అమ్మ ఇచ్చిన మార్కులు అవీ! మొదట కాస్త చివుక్కుమంది. ఆలోచిస్తే అందులో తప్పేముందనిపించింది. కురచగా పెరిగిన చెట్టుకి ఆ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కథ చదవాల్సింది కుండీలో పెంచేవాళ్ళూ, పెరిగామని తెలియనివాళ్ళూ. అంటే నాబోటివాళ్ళు. అమ్మకి కావలసింది తను వెళ్ళలేని చోటికి వెళ్ళొచ్చే దారి. ఒకే ఇంట్లో, ఒకే వారంలో, తల్లికి ఒక పుస్తకం, కూతురికి ఒక పుస్తకం అవసరమయ్యాయి. ఏది గొప్పదని అడిగితే నేనిప్పటికీ ఛాయాదేవి గారి కథే అంటాను. ఏది దాచుకుంటావంటే అమ్మ జవాబు మీకు తెలుసు.

పదహారో రోజున డాక్టరు సరేననగానే అమ్మ అందుకున్న మొదటి పుస్తకం అదే. ఆ అద్దె లైబ్రరీవాళ్ళే ఉండుంటే, ఇన్నేళ్ళకీ ఫైను లెక్కగడితే తమ్ముడు ఇల్లమ్ముకోవాల్సిందే!

మీ అమ్మగారి పెట్టె అడుగున కూడా ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు తీసి చూడండి. చూసి ఊరుకోకండి, పక్కన కూర్చుని పైకి చదవండి. ఏ చోట మెల్లిగా చదవమంటారో వినండి.