మా పుస్తకం ఏ అరలో ఉంది?

విశాఖ రేవులోకి ఏ దేశపు ఓడ వచ్చినా గట్టుమీది కళాసీకీ ఓడమీది మనిషికీ మధ్య ఏదో ఒక భాషలో మాట నడిచిపోతుంది. ఉక్కు కర్మాగారంలో ఒక్క షిఫ్టులోనే తెలుగు, ఒరియా, హిందీ, బెంగాలీ వినిపిస్తాయి. రేవు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదానిమీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకోదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి, రాస్ హిల్ మీద చర్చి. పలు భాషల్తో, పలు నమ్మకాల్తో బతకడం ఈ వూరికి కొత్త కాదు.

మరి ఇలాంటి వూళ్లో విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్లెక్కిన తెలుగు ముస్లిం తన పుస్తకాన్ని ఏ అరలో వెతుక్కోవాలి?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. తెలుగువాళ్లకి తమదంటూ ఒక విద్యాపీఠం కావాలన్న కోరికలోంచి పుట్టింది. వి.ఎస్. కృష్ణ పేరు పెట్టుకున్న దాని గ్రంథాలయంలో తాళపత్రాల దగ్గర్నుంచి విదేశీ పత్రికల దాకా ఉన్నాయి. ఆ సంపద మీద నాకూ గౌరవముంది, హక్కూ ఉంది. నా పేచీ ఏ ఒక్క లైబ్రరీతోనూ కాదు. లైబ్రరీలన్నీ అరువు తెచ్చుకున్న ఒక చూపుతో.

ఆ చూపుకి మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో అంకెలు వేశాడు. మతాలకి 200. అందులో 220 నుంచి 280ల దాకా క్రైస్తవమే. లోకంలోని మిగతా మతాలన్నీ 290ల్లో ఇరుక్కోవాలి. ఇస్లాంకి 297. తెలుగు సాహిత్యానికి 894.827. ఉర్దూకి 891.439. హిందీ 891.43. అంటే ఉర్దూ హిందీకి తోకలో ఒక తొమ్మిది. తెలుగు ఆ పక్క బీరువాలో. మధ్యలో నడవా.

ఆ నడవాలో నిలబడ్డవాళ్లం మేం.

ఒక గ్రంథాలయంలో, పేరెందుకులెండి, తెలుగు ముస్లిం కథల పుస్తకం కావాలని అడిగాను. బల్ల వెనకాయన నా పేరు చూశాడు, అటు వెళ్లమన్నాడు. అటు వెళ్తే ప్రవక్త జీవితచరిత్రలు, నమాజు విధానాలు. నేనడిగింది కథలు. ఆకలి కథ, అద్దె ఇంటి కథ, కట్నం లేక నిలిచిపోయిన పెళ్లి కథ. వాటిని రాసినవాడి పేరు అరబ్బీలో ఉంటే చాలు, పుస్తకం మతగ్రంథం అయిపోతుందా?

మా ఇళ్లల్లో మాటని ఉర్దూ అంటే హైదరాబాదువాళ్లు నవ్వుతారు. తెలుగు అంటే తెలుగు మాస్టారు నవ్వుతాడు. దూదేకుల ఇళ్లల్లో చాలాచోట్ల తెలుగే మాట. మరి వాళ్లు ఏ బీరువాలో కూర్చోవాలి?

చిలుకూరి నారాయణరావుగారి సంగతి చూడండి. ఉత్తరాంధ్ర మనిషి. ఖురాన్‌ని తెలుగు చేశారు. ఆయన ‘ఆంధ్ర భాషా చరిత్రము’ని 1937లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చేసింది. డ్యూయీ లెక్కన ఆయన ఖురాన్ 297కి పోతుంది, భాషా చరిత్ర 494.827కి పోతుంది. అయినా ఆయన తెలుగువాడేనా అని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

ఇప్పుడు పిఠాపురం ఉమర్ అలీషా (1885–1945) సంగతి చూడండి. తెలుగులో పద్యాలు రాశాడు, నాటకాలు రాశాడు. అవి తెలుగు అరకి. ఉమర్ ఖయ్యాంని తెలుగు పద్యం చేశాడు. అనువాదం మూలభాషతోనే ఉండాలన్న నియమం ప్రకారం అది పారశీకానికి, 891.55కి. ఒక్క మనిషి రెండు బీరువాల్లో చీలిపోయాడు. నారాయణరావుగారు రెండు అరల్లో ఉంటే అది పాండిత్యం. మేం రెండు అరల్లో ఉంటే అది అనుమానం. మీకిది న్యాయంగా ఉందా?

పోనీ 894.827 అరలోనే నిలబడి చూడండి. అచ్చతెలుగులో తొలి కావ్యమని చెప్పుకునే పొన్నగంటి తెలగన్న ‘యయాతి చరిత్ర’కి కృతిభర్త అమీన్ ఖాన్. అద్దంకి గంగాధరకవి తన కావ్యాన్ని ఇచ్చింది ఇబ్రహీం కుతుబ్‌షాకి. తహసీల్దారు, వకీలు, ఖజానా, కిస్తు, ఫిర్యాదు – ఈ మాటలు తీసేసి తెలుగువాడు ఒక్కరోజు కచేరీ నడపగలడా? మా భాషలు పక్క బీరువాలోనే లేవు, మీ నోట్లోనే ఉన్నాయి.

అంతర్జాతీయం అంటే బయట్నుంచి తెచ్చుకున్నదే అనుకుంటాం. పి.ఎల్. 480 కింద అమెరికా గోధుమలు మన రేవులకి వచ్చిన రోజుల్లో, వాటి తాలూకు రూపాయల్లో కొంత పెట్టి వాళ్లు మన పుస్తకాలు కొన్నారు. 1962 నుంచి వాళ్ల కాంగ్రెస్ లైబ్రరీ ఢిల్లీ కార్యాలయం ద్వారా తెలుగూ ఉర్దూ రెండూ చికాగోలాంటి చోట్లకి వెళ్లాయి. గోధుమలు తిన్నాం, అరిగిపోయాయి. పుస్తకాలు వాళ్ల దగ్గర నిలిచాయి. రేపు మా గురించి పరిశోధన చేయాలనుకున్న మా పిల్ల తన వీధి కథ కోసం సముద్రం దాటాల్సి రాకూడదు.

‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. ‘జల్‌జలా’ 1998లో, ‘వతన్’ 2004లో వచ్చాయి. ఇలాంటి వాటిలో చాలా మటుకు చేతిడబ్బులతో వేసుకున్నవే. కొన్ని వందల ప్రతులు అమ్ముడై, పంచబడి, మాయమయ్యే పుస్తకాలు. వాటిని కొనండి. తెలుగు సాహిత్యంలోనే పెట్టండి. ఉర్దూ అర దగ్గరా ఇస్లాం అర దగ్గరా ‘ఇవి కూడా చూడండి’ అని ఒక కార్డు పెట్టండి. కంప్యూటరయితే ఒక వరుస.

‘మళ్లీ మీకో మొహల్లా కట్టమంటున్నావా?’ అని సెక్యులర్ మిత్రుడొకడు అడిగాడు. లేదు భాయ్. ఇల్లు మీ వీధిలోనే ఉండనివ్వండి. చిరునామా తెలిసేలా చేయండి చాలు.

పుస్తకానికి అనేక ముఖాలుంటాయని, వాటిని విడదీసి మళ్లీ కలపొచ్చని మద్రాసులో రంగనాథన్ 1933లోనే కోలన్ పద్ధతిలో చూపించాడు. పుస్తకానికున్న ఆ పాటి వీలు మనిషికి ఉండొద్దా? నేను తెలుగుని. ముస్లింని. ఈ రేవు గాలి పీల్చినవాణ్ని. మూడూ ఒక్క కార్డు మీదే రాయండి.