గోడ నుంచి లోపలికి

హాలహర్వి నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "మామా, ఐ5 తీసుకోవాల్నా, ఐ7 తీసుకోవాల్నా?" నేను, "మీ ఇంట్లో ఎర్తింగు ఉందా?" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "దానికీ దీనికీ ఏం సంబంధం మామా?" అన్నాడు.

కంప్యూటర్ భాగాలు ఏరుకోవడం గురించి ఎవరు చెప్పినా ప్రాసెసర్‌తోనే మొదలుపెడతారు. బెంగుళూరు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడికి ఆ వరస సరిపోతుంది. బళ్లారికీ ఆదోనికీ నడుమ, నల్లరేగడి పొలాల మధ్య, బోరు మోటార్లు ఆడే వేళకు ఫ్యాను నీరసపడే ఇంట్లో మాత్రం వరస తిరగబడుతుంది. గోడలో ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి పోవాలి. ప్రాసెసర్ వంతు నాలుగోది.

భాగాలు తెచ్చి బిగించుకోవడం మా ప్రాంతానికి కొత్త విద్య కాదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మాకు పక్క ఊరే. అక్కడ మగ్గాన్ని తయారు సరుకుగా కొన్నవాణ్ణి నేను చూడలేదు. చట్రం వడ్రంగి దగ్గర, నాడె ఇంకోచోట, పన్నె మరోచోట. పన్నె పళ్ల లెక్క నూలు సన్నానికి కుదరకపోతే పోగులు తెగుతాయి. ఎంత మంచి పన్నె అని ఎవరూ అడగరు, ఏ నూలుకు అని అడుగుతారు. కంప్యూటర్ విషయంలో మనవాళ్లు మరిచిపోయే ప్రశ్న అదే.

కంప్యూటర్ ఇలా విడివిడిగా దొరకడానికి కారణం 1981 ఆగస్టులో ఐబీఎం చేసిన పని. ఆ కంపెనీ తన పీసీని బజారులో దొరికే భాగాలతోనే తయారుచేసి, లోపలి వివరాలను పుస్తకంగా అచ్చేసి అమ్మింది. మిగతా కంపెనీలు చూసి అలాంటివే చేశాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతను తెచ్చింది. బోర్డుకు రంధ్రాలు ఎక్కడుండాలి, కరెంటు కనెక్టర్ ఎలా ఉండాలి అన్నవి అందులో ఖాయమయ్యాయి. అందువల్లే ఈరోజు ఒక దేశపు బోర్డు, ఇంకో దేశపు ర్యామ్, ఎవరో పేరులేనివాడు వంచిన రేకు క్యాబినెట్ ఒకదానిలో ఒకటి ఇముడుతున్నాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, బెంగుళూరులో ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఈ ఇమిడే గుణం మీదే బతుకుతున్నాయి. మావాళ్లు కేబులో మౌసో కావాలంటే బళ్లారికి పోతారు, అసలు సరుకుకు బెంగుళూరు రైలెక్కుతారు. ఇప్పుడు సగం కొరియర్‌లోనే వస్తోందనుకోండి.

సరే, ఎర్తింగు. క్యాబినెట్‌ను చెప్పుల్లేకుండా ముట్టుకుంటే జిల్లుమనడం చాలామందికి అనుభవమే. పెట్టె చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. కరెంటులోని రొదను వడకట్టడానికి, గోడ కరెంటును భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు పెట్టె రేకుకు కలిపి ఉంటాయి. ఆ రేకు భూమికి కలిసి ఉంటే రొద మట్టిలోకి పోతుంది. భూమి లేకపోతే రేకు రెండింటి మధ్య వేలాడుతూ, 230లో సగం, అంటే నూటపదిహేను వోల్టుల దగ్గర నిలుస్తుంది. ప్రవాహం బహు తక్కువ కాబట్టి మనిషికి జిల్లుమనడంతో సరి. పెన్‌డ్రైవో, ప్రింటరో గుచ్చినప్పుడు ఆ పోర్టు మాత్రం నష్టపోవచ్చు.

ఊళ్లలో దీనికి ఒక దొంగ మందు ఉంది. న్యూట్రల్ తీగనే మూడో రంధ్రానికి కలిపి ఎర్తింగు ఇచ్చామంటారు. జిల్లుమనడం నిజంగానే ఆగుతుంది. ఎప్పుడో ఒకరోజు న్యూట్రల్ తెగితే పెట్టె రేకంతా నిండు వోల్టేజీ. ఇది ప్రాణం తీసే పని. సరైనది గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి చేసేది. మా రేగడి నేల తేమను బాగా పట్టుకుంటుంది గానీ మేనెలలో చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. ఎండాకాలం ఆ గుంతలో అప్పుడప్పుడు ఒక కడవ నీళ్లు పోయాలి. మావాడు ఈ మాట వాళ్ల నాయనకు చెబితే, "కంప్యూటర్‌కు నీళ్లు పోయాల్నా?" అని నవ్వినాడంట. గుంత మాత్రం తవ్వించాడు.

గోడ దాటాక ఎస్‌ఎంపీఎస్. కొటేషన్ కాగితంలో దీని పేరుండదు. "ఐ5, పదహారు జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ" అని రాసి, కింద "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని ఒక్క ముక్కలో ముగిస్తారు. నా మొదటి కంప్యూటర్‌ను అలాంటి కాగితం చూసే కొన్నాను. కొట్టు పేరెందుకులెండి. రెండో ఎండాకాలం సాయంత్రం ఆరున్నరకు టప్‌మంది. పోతూ పోతూ మదర్‌బోర్డును వెంట తీసుకుపోయింది. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన వస్తువు ఆ పెట్టెలో ఖరీదైన వస్తువును తినేసింది.

దీన్ని ఎంచేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 450 చూడొద్దు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ అన్నం పెట్టేది ఆ గడే. అక్కడ 36 ఆంపియర్లు అని ఉంటే పన్నెండుతో గుణిస్తే 432 వాట్లు. పేరుకు తగ్గ సరుకు. 18 ఆంపియర్లే ఉంటే 216 వాట్లు. పైన ఎంత రాసినా సరే, అది సగం మనిషే. 80 ప్లస్ ముద్ర 2004లో మొదలైంది. తీసుకున్న కరెంటులో కనీసం ఎనభై శాతం పనికి అందుతుందనీ, మిగిలిందే వేడిగా పోతుందనీ దాని అర్థం. ఆ ముద్ర నాణ్యతకు హామీ కాదు గానీ, అది కూడా లేనిదాన్ని ముట్టుకోవద్దు. మా ఊరికి ఇంకో అంకె ముఖ్యం: ఇన్‌పుట్ దగ్గర 200–240 అని కాక 100–240 అని ఉండాలి. సాయంత్రం వోల్టేజీ 170కి జారినా ఇలాంటిది తొణకదు.

గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు పెట్టె నిండు పనిలో కూడా నూటయాభై వాట్లు దాటడం అరుదు. నాణ్యమైన 450 చాలు, 750 దండగ. దాని పక్కన యూపీఎస్ ఉండాల్సిందే. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లు మోస్తుంది. కరెంటు పోయాక సినిమా చూడటానికి కాదు, ఫైలు దాచి ఆపుకోవడానికి. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లు మెట్లుగా ఉండే కరెంటు ఇస్తాయి, కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు అది పడదు, చటుక్కున ఆరిపోతాయి. రెండూ ఒకే కొట్లో కొని, అక్కడే ప్లగ్గు పీకి చూపించమనండి. కొట్టువాడు విసుక్కుంటాడు. ఆదోని పత్తి యార్డులో దూదిని వేళ్ల మధ్య లాగి పింజ చూడకుండా ధర చెప్పే వ్యాపారి ఉన్నాడా?

మూడోది మదర్‌బోర్డు. ఇక్కడ చూడాల్సింది సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే పీట. ఒక పీట ప్రాసెసర్ ఇంకో పీటకు పడదు. ఆ పీట ఇంకా ఎన్నాళ్లు బజారులో ఉంటుందన్నదే అసలు ప్రశ్న. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ బోర్డును 2017లో కొన్నవాళ్లలో చాలామంది, బయోస్ అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన ప్రాసెసర్‌ను దాని మీదే కూర్చోబెట్టారు. ఐదేళ్ల తర్వాత కొత్త యంత్రం వచ్చినట్టే, పెట్టె మాత్రం పాతదే. ఇంటెల్ 1700 సాకెట్ 2021లో వచ్చి పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలకు పనిచేసి ఆగింది. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5ను 2027 దాకా నడుపుతామని మాటిచ్చింది. మెల్లమెల్లగా డబ్బు కూడబెట్టుకునే ఇంటికి నేను చెప్పేది ఆ బోర్డే. ఒక్కసారి పెట్టి ఏడేళ్లు కదపననేవాళ్లకు 1700 కూడా చవకలో బాగుంటుంది.

ఇప్పుడు ప్రాసెసర్. "ఐ5" అన్న మాటకు ఒంటరిగా అర్థం లేదు. ఎద్దు అంటే ఎన్ని పళ్లు అని అడుగుతాం కదా, ఇదీ అంతే: ఏ తరం? 2012 నాటి మూడో తరం ఐ5ను కొత్తగా తయారైన పేరులేని బోర్డు మీద పెట్టి, "ఐ5 సిస్టం" అని ఇప్పటికీ అమ్ముతున్నారు. 2022లో వచ్చిన ఐ3-12100 దాన్ని ప్రతి పనిలోనూ వెనకేస్తుంది. పైగా ఆ పాతదాన్ని విండోస్ 11 ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అంకె చివరి అక్షరం కూడా చదవాలి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేవని. కాస్త ధర తగ్గిందని ఎఫ్ తెచ్చుకుని, వేరే కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు. ఇలా మోసపోయినవాళ్లలో కొట్టువాళ్లు మోసం చేసినవాళ్ల కంటే తమను తామే మోసం చేసుకున్నవాళ్లు ఎక్కువ.

మావాడి పని డిగ్రీ ప్రాజెక్టులు, కొంచెం ప్రోగ్రామింగు, వాళ్ల నాయన ఫారాలు నింపుకోవడం, రాత్రిళ్లు ఒక ఆట. లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ దీనికంతటికీ చాలు. అయితే ఒక మెలిక. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత జ్ఞాపకం లేదు, ర్యామ్‌లోంచే అప్పు తెచ్చుకుంటుంది. అందుకని పదహారు జీబీ ముక్క ఒక్కటి కాక, ఎనిమిదివి రెండు పెట్టాలి. నీళ్లు ఒక పైపు బదులు రెండు పైపుల్లో వస్తాయి, ఆట తేటగా నడుస్తుంది. డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌ల గాట్లు వేరు, బలవంతంగా నొక్కితే విరుగుతుంది. ర్యామ్ ధర పత్తి ధర లాంటిది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోతుంటే ధర కళ్లముందే రెట్టింపు దాటింది. అలాంటి కాలంలో ఒక్క ఎనిమిదితో మొదలుపెట్టి రెండో స్లాటు ఖాళీగా ఉంచడంలో తప్పులేదు.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పను. బోర్డుకు నేరుగా గుచ్చే ఎన్‌వీఎంఈ తీసుకోండి, పాత హార్డ్‌డిస్క్ ఉంటే పెళ్లి వీడియోలకు ఉంచుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు వద్దు, దాని జాగా ఖాళీగా ఉంటుంది, ఎక్కడికీ పోదు.

క్యాబినెట్ దగ్గర మళ్లీ మా ఊరు గుర్తుకొస్తుంది. మేనెలలో గదిలోనే నలభై రెండు డిగ్రీలు. ఏ ఫ్యానూ గది గాలి కంటే చల్లగా చేయలేదు. బెంగుళూరులో పాతిక డిగ్రీల గదిలో డెబ్బై దగ్గర నిలిచే ప్రాసెసర్ మా దగ్గర ఎనభై ఏడు చూపిస్తుంది. చిప్పు వందకు చేరువైతే తనను తాను నెమ్మది చేసుకుంటుంది, మనమేమో వైరస్ అనుకుంటాం. రంగురంగుల దీపాలూ అద్దం ముందుతలుపూ ఉన్న పెట్టె వద్దు, ముందు జాలీ ఉండి, దాని వెనక చేత్తో తీసి కడుక్కునే వడపోత ఉన్నది కావాలి.

బిగించడం నిజానికి ఒక మధ్యాహ్నం పని. ప్రాసెసర్ మూలలో బంగారు త్రికోణం బోర్డు మీది త్రికోణంతో కలిసేలా రావాలి, వేలితో నొక్కకూడదు. ప్రాసెసర్‌కూ దాని ఫ్యానుకూ మధ్య పూసే పేస్టు కందిగింజంత. బోర్డు కింద ఇత్తడి కాళ్లు బిగించాకే బోర్డు పెట్టాలి, లేకపోతే రేకు తగిలి షార్టవుతుంది. ర్యామ్ నాలుగు స్లాట్ల బోర్డులో రెండోదీ నాలుగోదీ. అందరికీ చెమట పట్టించేది పవర్ బటన్ నుంచి వచ్చే ఆ చిన్న చిన్న తీగలు, వాటికి బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది, చూడండి. ఈ పనంతా చేస్తున్నప్పుడు మావాడు వీడియో కాల్‌లో ఉన్నాడు. మా చెల్లెలు వెనక నిలబడి, "విరగ్గొడతాడేమో చూడన్నా" అంటూనే ఉంది.

హాస్టల్‌కు పోయే పిల్లకు ల్యాప్‌టాపే సరి, అందులో వాదన లేదు. ఇంట్లో ఒకచోట ఉండే యంత్రానికి మాత్రం ఈ పద్ధతిలో ఒక సుఖముంది. పోయిన ఒక్క భాగాన్నే మార్చుకోవచ్చు. ఒక్కోదానికి ఒక్కో వారంటీ, ఒక్కో బిల్లు. ప్రాసెసర్‌కూ బోర్డుకూ సాధారణంగా మూడేళ్లుంటుంది. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను" అనేవాడి దగ్గర మీరు తగ్గించుకునేది ఆ మూడేళ్లనే.

మొన్న సంక్రాంతికి హాలహర్వి పోయినప్పుడు పెట్టె విప్పించాను. ఏడాది కూడా కాలేదు. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోమని చెప్పి, సైకిలు పంపుతో గాలి కొట్టాను. వడపోత వెనక నుంచి బూడిదరంగు ఉండ ఒకటి ఊడి వాకిట్లో పడింది. మా చెల్లెలు దాన్ని తీసుకుని వేళ్ల మధ్య లాగి చూసింది. "దూదేన్నా. మన చేనుదే అయ్యుంటాది" అంది.