దించుకుంటే సరిపోదు

మా బంధువుల్లో ఫోన్ మొరాయిస్తే కబురు నాకే వస్తుంది. ఈమధ్య తరచుగా వింటున్నది ఒకటే: ‘యాడ్‌లు ఆపేది వేశాను బాబాయ్, అయినా ఆగట్లేదు!’ ఐఫోన్ అని తెలిస్తే చాలు, చూడకుండానే చెప్పేస్తాను. యాప్ స్టోర్ నుంచి దించుకున్నారు, ఆన్ చేయలేదు.

సఫారీ బ్రౌజర్‌కు యాడ్‌లు ఆపడంలాంటి అదనపు పనులు చేర్చే ఎక్స్‌టెన్షన్లు ఐఫోన్, ఐప్యాడ్‌లకు 2021లో వచ్చాయి. యాప్‌తో పాటే వస్తాయి కాబట్టి, తెర మీద కొత్త బొమ్మ కనిపించగానే పనైపోయిందనుకుంటాం. కాలేదు. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో సఫారీ, అందులో ఎక్స్‌టెన్షన్స్ దాకా వెళ్లి మీట నొక్కాలి. కొంచెం పాత ఐఓఎస్ అయితే సఫారీ నేరుగా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

ఇంత దూరం నడిపించడమెందుకని అందరూ విసుక్కుంటారు. నాకైతే ఆ దూరం నచ్చింది. పేజీలు చదివే ఎక్స్‌టెన్షన్ అయితే ఫోన్ అక్కడ నిజం చెప్పేస్తుంది: మీరు తెరిచే పేజీల్లోని పాస్‌వర్డులు, ఫోన్ నంబర్లు, కార్డు వివరాలతో సహా ఇది చదవగలదు, మార్చగలదు అని. ఆ నాలుగు లైన్లు చదవకుండా వేలు కిందికి జారిపోతుంది, అదే బాధ. అన్ని సైట్లకూ ఒకేసారి ‘సరే’ అననక్కర్లేదు. ఏ సైట్‌కు ఆ సైట్‌కు, కావాలంటే ఒక్క రోజుకే అనుమతి ఇవ్వొచ్చు. బ్యాంకు సైట్‌కు వద్దనే పెట్టుకోండి. ప్రైవేట్ విండోలో పనిచేయాలంటే దానికి వేరే అనుమతి.

ఆండ్రాయిడ్ సంగతి వేరు. ఫోన్‌లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల కోసం వెతికి అలసిపోకండి, కంప్యూటర్‌లో ఉన్నట్టు ఇక్కడ ఉండవు. ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నాయి. 2020లో ఆ బ్రౌజర్‌ను కొత్తగా రాసినప్పుడు గుప్పెడే మిగిలాయి, 2023 డిసెంబరులో మళ్లీ తలుపులు బార్లా తెరిచారు. అక్కడ మెనూలో ఎక్స్‌టెన్షన్స్ నొక్కి, అనుమతులు చూసి చేర్చుకుంటే చాలు, వెంటనే పని మొదలెడుతుంది.

మళ్లీ ఐఫోన్‌కు వస్తే, అదే సఫారీ పేజీలో కంటెంట్ బ్లాకర్లు అని మరో రకం ఉంటుంది, 2015 నుంచీ ఉంది. అది మీ పేజీలను చూడదు. వేటిని ఆపాలో ఒక జాబితా సఫారీకి ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది, ఆపే పని సఫారీదే. కాబట్టి మీ గొడవంతా యాడ్‌లే అయితే ఆ మీట ఒక్కటీ నొక్కి ఊరుకోండి. పేజీలు చదివే ఎక్స్‌టెన్షన్‌కు అనుమతి ఇవ్వాల్సిన పనే లేదు.