వెనక నుంచి మొదలయ్యే ఆట

2024 జూన్ 28న లాస్ వేగాస్‌లో జరిగిన ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళ ఎంపికలో) న్యూజెర్సీ డెవిల్స్ జట్టు పదో ఎంపికగా ఒక రష్యా కుర్రాడిని తీసుకుంది. పేరు అంతోన్ సిలాయెవ్. వయసు 18, ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. ఆడే స్థానం డిఫెన్స్. అప్పటికే అతను నీజ్నీ నోవ్‌గొరొద్ నగరపు తొర్పెదో జట్టు తరఫున రష్యా అగ్రశ్రేణి లీగ్ కేహెచ్ఎల్‌లో పెద్దవాళ్ళ మధ్య ఒక సీజన్ ఆడి వచ్చాడు. 63 మ్యాచ్‌లు, 3 గోల్స్, 8 అసిస్టులు. అతని మీద ఐస్ హాకీ అభిమానుల వాదన డ్రాఫ్ట్‌కు ముందే మొదలైంది, ఆ తర్వాతా చల్లారలేదు. అంత పొడగరికి అంత వేగం ఎక్కడుంటుందని కొందరు మురిసిపోయారు. అన్ని మ్యాచ్‌లకు గోల్స్, అసిస్టులు కలిపి 11 పాయింట్లేనా అని కొందరు పెదవి విరిచారు.

ఇద్దరూ చూడాల్సిన చోటు వదిలేసి వేరేచోట చూస్తున్నారని నా అభిప్రాయం. ఎత్తు కొలతకు దొరుకుతుంది, పాయింట్లు పట్టికలో కనిపిస్తాయి. డిఫెండర్ విలువ మాత్రం ఆట జరుగుతుండగా, చాలామంది కళ్ళు గోల్ వైపు ఉన్నప్పుడు, మంచు మైదానం (రింకు) రెండో కొసన తయారవుతుంది. రష్యా హాకీకి ముప్పావు శతాబ్దంగా తనదైన బడి ఉంది. అది డిఫెండర్‌కు ఏం నేర్పుతుందో తెలుసుకుంటే అక్కడి కుర్రాడిలో ఏం వెతకాలో తెలుస్తుంది.

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీయే. మంచు మీది హాకీ కొత్తవారి కోసం రెండు మాటలు. గోలీ కాక ఒక్కో జట్టుకు ఐదుగురు ఆడతారు. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెండర్లు. బంతి బదులు రబ్బరు బిళ్ళ, దాన్ని పక్ అంటారు. నిమిషం లోపే అలసిపోయేంత వేగం కాబట్టి ఆటగాళ్ళు దఫదఫాలుగా మారుతూ ఉంటారు. న్యూజెర్సీలోనూ, డాలస్ స్టార్స్ సాధన చేసే ఫ్రిస్కోలోనూ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ పెరుగుతున్న మన పిల్లలకు ఇది ఇంటి పక్క ఆట.

ఇక ఆ బడి సంగతి. సోవియట్ యూనియన్‌లో పక్ హాకీ జాతీయ పోటీలు 1946 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకుముందు అక్కడివాళ్ళు ఆడింది బ్యాండీ. ఫుట్‌బాల్ మైదానమంత మంచు మీద, జట్టుకు పదకొండుమంది, బంతితో ఆడే ఆట. అంత విశాలమైన చోట ఒంటరిగా దూసుకుపోయి సాధించేది తక్కువ. ఖాళీ ఎక్కడుందో చూసి బంతిని అక్కడికి పంపాలి. ఆ అలవాటుతోనే వాళ్ళు పక్ హాకీలోకి వచ్చారు. కెనడావాళ్ళు పక్‌ను ప్రత్యర్థి మూలకు కొట్టి వెంటపడి లాక్కునేవాళ్ళు. సోవియట్ ఆటగాళ్ళు దారి మూసుకుపోతే వెనక్కి తిరిగి, మళ్ళీ కూడుకుని, కొత్త దారి వెతికేవాళ్ళు. చేతిలో ఉన్న పక్‌ను ఊరికే వదులుకోవడం వాళ్ళకు నచ్చని పని. 1954లో స్టాక్‌హోమ్‌లో తొలిసారి ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వచ్చి కెనడాను 7-2తో ఓడించి కప్పు పట్టుకుపోయారు.

ఈ బడికి పెద్ద గురువు అనతోలీ తరాసొవ్. కృత్రిమ మంచు కరువైన రోజుల్లో ఆయన నేల మీదే శిష్యులను తయారుచేశాడు. పల్టీలు కొట్టించాడు, బరువులతో గెంతించాడు, ఒకేసారి రెండు మూడు పనులు చేయించి బుర్రకు చురుకు నేర్పాడు. బ్యాలే నుంచి ఒడుపు, చదరంగం నుంచి ముందుచూపు తెచ్చుకోమన్నాడు. ఐదుగురినీ ఒకే దళంగా చూడటం ఆయన పద్ధతి. అరవైల చివర్లో స్థానాలనే తిరగరాసి, డిఫెండర్ అలెగ్జాండర్ రగూలిన్‌ను వెనక కాపలాకు నిలిపి, మిగిలినవాళ్ళను పైకీ కిందికీ కదిలే మధ్యవరుసగా, ముందువరుసగా ఆడించాడు. దాడి మొదలయ్యేది వెనక నుంచి అన్న ఆలోచన అక్కడ బలపడింది. డిఫెండర్ చేతికి పక్ అందిన క్షణమే దాడికి తొలి క్షణం.

ఇప్పుడు ఒక్క సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. ప్రత్యర్థి పక్‌ను మన గోల్ వెనక మూలకు కొట్టాడు. మన డిఫెండర్ గిర్రున తిరిగి దానికోసం పరుగు తీశాడు. వీపు వెనక ఇద్దరు తరుముకొస్తున్నారు. పక్ చేరేలోపు అతను భుజం మీదుగా వెనక్కి చూశాడా? ఒకసారి చూశాడా, రెండుసార్లా? మొదటి చూపుకు తరిమేవాడు ఏ పక్క నుంచి వస్తున్నాడో తెలుస్తుంది. రెండో చూపుకు తన జతగాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. పక్ స్టిక్‌కు తగిలేసరికి నిర్ణయం అయిపోయి ఉండాలి. చూడకుండా వెళ్ళినవాడు కంగారుగా గోడ వెంట పక్‌ను తోసేస్తాడు. అది తిన్నగా మన భాగానికి హద్దయిన బ్లూ లైన్ దగ్గర కాచుకున్న ప్రత్యర్థికి అందుతుంది, మళ్ళీ ముట్టడి మొదలవుతుంది. చూసి వెళ్ళినవాడు భుజంతో ఎడమకు వెళ్తున్నట్టు నమ్మించి కుడికి తిరుగుతాడు. వచ్చినవాడు ఖాళీలోకి జారిపోతాడు. పక్ మధ్యలో ఉన్న ఫార్వర్డ్ స్టిక్ మీద వాలుతుంది. ఈ ఆరేడు సెకన్లకు పట్టికలో ఏ అంకే పడదు. అయినా ఒక్కో మ్యాచ్‌లో అతను ఇలాంటివి చాలాసార్లు చేయాలి.

రెండోది పాదాలు. స్కేటు అడుగున ఉక్కు పలకకు లోపలి అంచు, బయటి అంచు అని రెండుంటాయి. మంచి డిఫెండర్ వెనక్కి జారుతూనే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారి, వేగం తగ్గకుండా ముందుకు తిరుగుతాడు. ఆ మలుపులో ఒక్క అడుగు తడబడితే దాడిచేసేవాడు పక్కనుంచి దాటిపోతాడు. నాట్యం నేర్పే గురువు కొత్త శిష్యురాలి హావభావాలకన్నా ముందు అడుగు ఎలా పడుతోందో చూసినట్టు, ఆట తెలిసిన అభిమాని ముందు ఈ మలుపు చూస్తాడు. పొడగరులకు ఇది మరీ కష్టం. కాళ్ళు పొడుగైనకొద్దీ తిరగడానికి సమయం ఎక్కువ పడుతుంది.

మూడోది దూరం పట్టడం. ఎదురుగా వేగంగా వస్తున్నవాడికి ఎంత జాగా ఇవ్వాలి? మరీ ఎక్కువ ఇస్తే అతను తీరిగ్గా గురిచూసి కొడతాడు. మరీ దగ్గరకు వెళ్తే ఒక్క విదిలింపుతో తప్పించుకుంటాడు. స్టిక్ చాపితే పక్ అందేంత దూరంలో ఉంటూ, అతన్ని మధ్యలోకి రానివ్వకుండా గోడ వైపు నెట్టుకుపోవాలి. ఇక్కడ రింకు కొలత కూడా లెక్కలోకి వస్తుంది. అంతర్జాతీయ రింకు వెడల్పు సంప్రదాయంగా 30 మీటర్లు, ఎన్‌హెచ్ఎల్‌లో సుమారు 26 మాత్రమే. విశాలమైన రింకులో పెరిగిన కుర్రాడికి సముద్రం దాటాక ప్రతి నిర్ణయానికీ కాస్త తక్కువ సమయమే చిక్కుతుంది. అతని అంచనాలో ఈ మార్పుకు చోటు ఇవ్వాలి.

ఈ బడి అందరినీ ఒకే అచ్చులో పోస్తుందనుకుంటే పొరపాటు. ముగ్గురిని చూస్తే చాలు. వ్యాచెస్లావ్ ఫెతిసోవ్ ఎనభైలలో అలెక్సేయ్ కసతోనొవ్, సెర్గేయ్ మకారొవ్, ఇగోర్ లరియోనొవ్, వ్లాదిమిర్ క్రుతోవ్‌లతో కలిసి ఒకే ఐదుగురి దళంగా ఆడి 1984, 1988 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. డిఫెండర్‌గా ఉంటూనే దాడిని నడిపిన నాయకుడు. సెర్గేయ్ జూబొవ్‌ది నిదానం. ఒళ్ళు తగిలించుకోవడం తక్కువ, పక్ దగ్గర ఓపిక ఎక్కువ. 1993-94లో 12 గోల్స్, 77 అసిస్టులతో మొత్తం న్యూయార్క్ రేంజర్స్ జట్టుకే అత్యధిక పాయింట్లు సాధించాడు, ఆ ఏడాది ఆ జట్టు ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. అతన్ని 1990 డ్రాఫ్ట్‌లో తీసుకున్నది ఐదో రౌండులో. వ్లాదిమిర్ కొన్‌స్తంతినొవ్‌ది ఇంకో దారి. మంచు మీద అతను ఢీకొంటే ఎదుటివాడికి గుర్తుండిపోయేది. రష్యావాళ్ళు మెత్తని ఆటగాళ్ళన్న అపవాదుకు డిట్రాయిట్‌లో అతనొక్కడే చాలినంత జవాబు. 1995-96లో అతను మంచు మీద ఉన్నప్పుడు తన జట్టు కొట్టిన గోల్స్‌కూ ప్రత్యర్థి కొట్టిన గోల్స్‌కూ తేడా లీగ్ మొత్తంలో అందరికన్నా మెరుగు, ప్లస్ 60.

ఈ పరంపరకు చీకటి వైపు కూడా ఉంది. కోచ్ విక్తర్ తీఖొనొవ్ శిక్షణలో, ఫెతిసోవ్, లరియోనొవ్ ఆడిన సైనిక జట్టు ఆటగాళ్ళు ఏడాదిలో ఎక్కువ రోజులు కుటుంబాలకు దూరంగా శిబిరంలోనే గడిపారు. 1988లో లరియోనొవ్ ఆ పద్ధతిని నిలదీస్తూ ఒగోన్యోక్ పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. ఫెతిసోవ్ అధికారులతో పోరాడి 1989లో న్యూజెర్సీ చేరాడు. తొలి ఏళ్ళు అతనికి కష్టంగానే గడిచాయి. తనతో కలిసి ఆలోచించే పాత దళం మొత్తంగా పక్కన లేదు. 1995 అక్టోబరులో డిట్రాయిట్ కోచ్ స్కాటీ బోమన్ ఫెతిసోవ్, కొన్‌స్తంతినొవ్, లరియోనొవ్, సెర్గేయ్ ఫెదొరొవ్, వ్యాచెస్లావ్ కొజ్లొవ్‌లను ఒకే దళంగా దించాక పాత ఆట మళ్ళీ ఊపిరి పోసుకుంది. 1997లో కప్పు వచ్చింది. అందుకే ఒక డిఫెండర్‌ను కొలిచేటప్పుడు అతని చుట్టూ ఎవరున్నారో కూడా చూడాలి. ఐదుగురి ఆట నేర్చినవాణ్ణి ఒంటరిగా తూచితే తూకం తప్పుతుంది.

ఈ కథలోని లరియోనొవే 2022 నుంచి 2025 వరకు తొర్పెదో కోచ్. సిలాయెవ్‌ను పదిహేడేళ్ళకు పెద్దల లీగ్‌లోకి దించింది ఆయనే. శిబిరాల కాఠిన్యాన్ని ఎదిరించిన మనిషే ఆ బడి తెలివిని, స్వేచ్ఛను కలిపి కొత్త తరానికి అందించడం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఫెతిసోవ్ సముద్రం దాటి చేరిన క్లబ్బే ఇప్పుడు సిలాయెవ్‌నూ ఎంచుకుంది.

మరి సిలాయెవ్‌ను ఎలా చూడాలి? అతని బలం పాదాల్లో ఉంది. అంత పొడవుండీ తేలిగ్గా తిరుగుతాడు, వెనక్కి జారుతూ దూరం నిలబెట్టుకుంటాడు. చేయి చాపితే స్టిక్ చాలా దూరం వెళ్తుంది కాబట్టి ప్రత్యర్థికి దారులు ముందే మూసుకుపోతాయి. సందేహం పక్ చేతిలో ఉన్నప్పటి సంగతి మీద. ఒత్తిడిలో సులువైన పాస్‌కు బదులు తొందరపాటు నిర్ణయం వస్తుందా, దాడిని నడిపే ఊహ ఉందా అన్నవి న్యాయమైన ప్రశ్నలే. అతని 11 పాయింట్లలో ఎక్కువ భాగం సీజన్ తొలినాళ్ళలోనే వచ్చాయి. అయితే పదిహేడేళ్ళ కుర్రాడికి పెద్దల లీగ్‌లో గోల్స్ వచ్చే సందర్భాల్లో చోటు దొరకడం అరుదు. కుర్రాళ్ళ లీగ్‌లో ఆడి ఉంటే పట్టిక ఇంకా అందంగా ఉండేది, నేర్చుకునేది తక్కువై ఉండేది.

అంచనాకు ఇంకో అడ్డంకి ఉంది. 2022 ఫిబ్రవరిలో రష్యా జట్లను అంతర్జాతీయ పోటీల నుంచి పక్కనపెట్టారు. తోటివయసు కెనడా, స్వీడన్ కుర్రాళ్ళతో తలపడి తేల్చుకునే జూనియర్ ప్రపంచ పోటీలు ఈ తరానికి లేకుండా పోయాయి. డ్రాఫ్ట్ నాటికి సిలాయెవ్‌కు కేహెచ్ఎల్ కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉంది, అది ముగిసేదాకా అమెరికాకు రావడం కూడా కుదరని పరిస్థితి. కాబట్టి అభిమానులు చేయగలిగింది చిన్న తునకల వీడియోలు వదిలి పూర్తి మ్యాచ్‌లు చూడటం, ఒక్క మ్యాచ్‌తో తీర్పు ఇవ్వకుండా అక్టోబరులోని ఆటను ఫిబ్రవరిలోని ఆటతో పోల్చి చూడటం. తప్పు చేసిన తర్వాతి దఫాలో అతను మళ్ళీ అదే పాస్ ధైర్యంగా వేశాడా లేదా అన్నది ఆ రోజు స్కోరుకన్నా ఎక్కువ చెబుతుంది.

డిఫెండర్లకు ఆట ఆలస్యంగా పండుతుంది. అంద్రేయ్ మార్కొవ్‌ను 1998లో మాంట్రియల్ ఆరో రౌండులో, 162వ స్థానంలో తీసుకుంది. మొదట్లో కింది లీగ్‌కు పంపింది కూడా. అతను ఆ జట్టుకే 990 మ్యాచ్‌లు ఆడి 572 పాయింట్లు సాధించాడు. ఇరవై నిండకుండానే అతని మీద తీర్పు రాసినవాళ్ళు ఈ ఆటగాణ్ణి ఊహించి ఉండరు.

సిలాయెవ్ ఇంకో జూబొవ్ కాకపోవచ్చు, కానక్కర్లేదు. వెనక నిలబడి ప్రతి మ్యాచ్‌లో ఇరవై నిమిషాలు ప్రత్యర్థి మేటి ఫార్వర్డ్‌లను గోడకు నెట్టి, అందిన పక్‌ను శుభ్రంగా ముందుకు పంపగలిగితే ఏ జట్టుకైనా పదేళ్ళ ఆధారం దొరికినట్టే. ఆ స్థాయికి అతను చేరగలడని నేను నమ్ముతున్నాను. ఈలోగా అభిమానులుగా మనం అతనికి ఇవ్వాల్సింది నాలుగైదేళ్ళ సమయం, గోల్ వైపు నుంచి కాసేపు తిప్పి రింకు వెనక భాగాన్ని గమనించే చూపు. ఆ చూపు అలవడితే ఒక్క సిలాయెవ్ ఏమిటి, మొత్తం ఆటే ఇంకా లోతుగా అర్థమవుతుంది.